కరిగి కలిసిన గాజు, వెండి నగల పని: జగ్గయ్యపేట, నందిగామ మెట్ట సీమ నుంచి ఒక పరిశీలన

రంగు గాజు పలకలను కోసి, ముక్కలను ఒకదానిమీద ఒకటి పేర్చి, కొలిమిలో సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడికి ఒకే బిళ్లగా కరిగించి, ఆ బిళ్లకు వెండితో గూడు కట్టి లాకెట్టుగానో, కమ్మగానో, ఉంగరంగానో తీర్చే హస్తకళ ఈ వ్యాస విషయం. పాశ్చాత్య దేశాల్లో 20వ శతాబ్దం నడుమ మళ్లీ ప్రాణం పోసుకున్న ఈ పని, ఇప్పుడు చిన్న కరెంటు కొలిమి కొనుక్కోగల ఎవరి ఇంట్లోనైనా సాగే స్థితికి వచ్చింది. తెలుగు నేలమీద దీనికి కావలసిన రెండు విద్యలూ, అంటే గాజును కరిగించడం, వెండిని అతకడం, ఏనాటినుంచో ఉన్నాయి. అయితే అవి వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు చేతుల్లో పెరిగాయి. ఆ రెండు దారులూ ఎక్కడెక్కడ నడిచాయో, ఎక్కడ దగ్గరకొచ్చాయో పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో నిలబడి చూస్తే బాగా కనిపిస్తుంది.

ప్రాంతం

జగ్గయ్యపేట, నందిగామ పట్టణాలు విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి వెంట ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించాక ఇవి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. జగ్గయ్యపేట దాటితే తెలంగాణ. దక్షిణాన కృష్ణ, మధ్యలో మునియేరు, నాపరాయి, సున్నపురాయి నిండిన మెట్ట నేల. ఆ సున్నపురాయి చూసే ఇక్కడికి సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. వేసవిలో రాష్ట్రంలోని ఉష్ణోగ్రతల పట్టిక తీస్తే నందిగామ పేరు తరచూ పై వరుసలోనే ఉంటుంది. జగ్గయ్యపేట అసలు పేరు బేతవోలు. అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరు మీద పేటను కట్టించి ఆ పేరు పెట్టాడు.

ఈ నేలకు రత్నాలతో ఉన్న బంధం చాలా లోతైనది. నందిగామకు దగ్గరలోని పరిటాల ఒకప్పుడు వజ్రాల గనులకు ప్రసిద్ధి. ఉత్తర సర్కారులను ఇంగ్లీషువారికి వదులుకున్న నిజాం, పరిటాలనూ చుట్టుపక్కల కొన్ని పల్లెలనూ మాత్రం తన చేతిలోనే ఉంచుకున్నాడు. కృష్ణకు ఆవలి ఒడ్డున కొల్లూరు గనులు. చందర్లపాడు మండలం గుడిమెట్ల చుట్టూ ఇప్పటికీ తొలకరి వానలు పడగానే జనం గుట్టల్లో వంగి రాళ్లు వెతుకుతుంటారు. భూమిలో దొరికిన రాయి విలువ ఈ ప్రాంతపు మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చేతితో చేసిన రాయి విలువ చెప్పడమే ఇక్కడ గాజు నగల పనివారు ఎదుర్కోవలసిన మొదటి కష్టం.

పాత ఆనవాళ్లు

జగ్గయ్యపేట పక్కనున్న ధనంబోడు గుట్టమీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించి పరిశీలించాడు. అక్కడ దొరికిన శిల్పాల్లో చక్రవర్తి మాంధాతను చూపే పలక అన్నిటికన్నా పేరుమోసింది. ఇప్పుడు అది చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. చేయి పైకెత్తి నిలబడిన చక్రవర్తి మీద మబ్బుల్లోంచి నాణేలు కురుస్తుంటాయి. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, రాణి మొదలైన ఏడు రత్నాలు. వాటిలో మణి ఒకటి. అతని తలపాగా, బరువైన చెవి నగలు, మెడలో హారం, చేతులకు కడియాలు చూస్తే, ఆ కాలపు కంసాలి పనిని శిల్పి ఎంత దగ్గరగా గమనించాడో తెలుస్తుంది. నగల చరిత్ర రాసేవారు గ్రంథాలకంటే ముందు ఇలాంటి పలకల ముందు కూర్చోవాలని ఈ రచయిత నమ్మకం.

అదే స్తూపం దగ్గర ఆయక స్తంభాల మీద ఒక శాసనం దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే పనివాడు మహాచైత్యపు తూర్పు ద్వారం దగ్గర అయిదు స్తంభాలు నిలబెట్టించాడు. అతని తండ్రి నాకచంద కూడా పనివాడే, కమ్మకరాష్ట్రంలోని నడతూరు వాసి. తల్లి, భార్య, బిడ్డల పేర్లతో కలిపి చెక్కించిన దానశాసనం అది. పనిముట్లు పట్టుకున్న కుటుంబం సొంత సంపాదనతో దానం చేసి, రాజు పేరు పక్కనే తన పేరు నిలుపుకున్నదన్న విషయం మామూలుది కాదు. ఆ తర్వాతి శతాబ్దాల్లో నగ చేసిన చేతి పేరు నగతో పాటు చెప్పే అలవాటు మనకు దాదాపు పోయింది.

చుట్టుపక్కల తవ్వకాలు ఈ చిత్రాన్ని నింపుతాయి. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ వెలికితీసిన ధాతు కరండాల్లో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ముత్యాలు, పూసలు ఉన్నాయి. నాగార్జునకొండ మహాచైత్యంలో ధాతువు బంగారు భరిణెలోనూ, ఆ భరిణె వెండి భరిణెలోనూ ఉంది. అక్కడే కంసాలి పనిచేసిన చోటు కూడా బయటపడింది. మూసలు, గీటురాయి, అచ్చులు దొరికాయి. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దానికి చెందినదిగా భావించే, ఆంధ్రదేశంలో చేసి ఉంటారని పండితులు అనుకునే బంగారు చెవి నగల జత ఒకటి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. రెక్కల సింహం, ఏనుగు బొమ్మలతో, గుళికల పనితో ఉన్న ఆ జతను చూసినవారికి మాంధాత చెవులు గుర్తు రాకమానవు.

గాజు దారి

తెలుగు నేలమీద గాజు కొలిమి గురించి చెప్పాలంటే పాపానాయుడుపేట పేరు చెప్పాలి. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలోని ఈ ఊరు, సాగదీసిన గాజు గొట్టం నుంచి పూసలు చేసే అతి పాత పద్ధతిని 20వ శతాబ్దం చివరిదాకా కాపాడింది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండువేల ఏళ్ల కిందటే సాగిన పద్ధతి ఇదేనని పూసల చరిత్రకారుడు పీటర్ ఫ్రాన్సిస్ నిర్ణయించాడు. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి కొరియా, జపాన్ దాకా తవ్వకాల్లో దొరికే ఈ సన్నపూసలకు ఇండో పసిఫిక్ పూసలు అని పేరు పెట్టింది కూడా ఆయనే.

పాపానాయుడుపేటలో చేసే తీరు ఇది. కొలిమిలో కరిగిన గాజును పొడవాటి ఇనప గొట్టం చివర పెద్ద ముద్దగా చుట్టి, శంకువు ఆకారానికి తెచ్చి, నడిమికి చిల్లు పడేలా లోపలినుంచి ఊచ పొడుస్తారు. ముద్ద ఉన్న గొట్టాన్ని మళ్లీ కొలిమిలోకి తోసి తిప్పుతూ ఉంటారు. ఎదుటి వైపు నుంచి మరో పనివాడు గాజు మొనను కొక్కెంతో పట్టి, చేతులు మార్చుకుంటూ గంటల తరబడి సన్నటి గొట్టంగా లాగుతాడు. చల్లారిన గొట్టాలను కత్తి అంచున తుంచి, చిల్లులు పూడకుండా బూడిద కూరి, మళ్లీ వేడిచేసి తిప్పితే అంచులు గుండ్రమై పూసలవుతాయి. ఇద్దరి చేతుల వేగం ఒక్కటైతేనే గొట్టం లావు ఒకేలా వస్తుంది. ఎంత వేడి దగ్గర గాజు సాగుతుందో, ఎంత దగ్గర జారిపోతుందో కొలిమి రంగు చూసి చెప్పగలిగిన వారు ఆ పనివారు. ఈనాటి కరెంటు కొలిమి పక్కన అంకెల్లో కనబడే జ్ఞానమంతా వారి కళ్లలో ఉండేది.

ఆ పూసలు మెట్ట సీమ పల్లెలకు చేరింది పూసలవాళ్ల భుజాలమీద. దారాలు, సూదులు, కుంకుమ, దువ్వెనలు, గాజులు, పూసలు బుట్టలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగినవారు వారు. మంగళసూత్రంతో పాటు నల్లపూసలు వేసుకునే ఆచారం ఉన్నంతకాలం తెలుగు స్త్రీ మెడలో గాజుకు స్థానం ఉంటుంది. పెళ్లికూతురి చేతికి, సీమంతంలో గర్భిణి చేతికి మట్టి గాజులు ఎక్కుతాయి. కార్తీక శుద్ధ విదియనాడు విజయవాడ కనకదుర్గ గుడినంతా గాజులతో అలంకరిస్తారు. మునియేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లలో గాజుల కొట్లముందు గుంపు తగ్గదు. ఆ అమ్మవారి విగ్రహాలను రెండేళ్లకోసారి రంగులు వేయించడానికి జగ్గయ్యపేటకు తీసుకువస్తారు. రంగు పనికి పట్టణమంతా పండుగ చేసుకునే చోటు ఇది. ఇంత మక్కువ ఉన్నా గాజు తయారీ మాత్రం ఇక్కడ వేళ్లూనలేదు. చేతి గాజులు చాలావరకు ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ నుంచి వస్తాయి. ముడిసరుకుకు లోటు లేదు: గాజుకు కావలసిన సిలికా ఇసుక గూడూరు, చిల్లకూరు తీరంలో ఉంది. సున్నం జగ్గయ్యపేట గుట్టల్లోనే ఉంది.

వెండి దారి

వెండి పని మాత్రం ప్రతి బజారు వీధిలోనూ ఉంది. కుంపటి, ఊదుగొట్టం, మూస, పట్టకారు, దాగలి, తీగ లాగే కమ్మచ్చు, ఆకురాయి, వెలిగారం. కంసాలి ముందున్న ఈ సామాను పెద్దగా మారలేదు, ఊదుగొట్టం చోటికి గ్యాసు మంట వచ్చింది. నడుము కింద బంగారం పెట్టకూడదన్న ఆచారం వల్ల పట్టీలు, మట్టెలు, అందెలు, మొలతాడు అన్నీ వెండివే. కుంకుమ భరిణెలు, దీపపు కుందులు, పసిపిల్లల గజ్జెలు కలిపితే, పల్లెటూరి కంసాలికి బంగారం కన్నా వెండి పనే ఎక్కువగా చేతిలో ఆడేది. ఇప్పుడు యంత్రాలమీద చేసిన పట్టీలు పెద్ద పట్టణాల నుంచి కట్టలుగా దిగుతుండడంతో ఆ పని చాలామంది చేతుల్లోంచి జారింది.

వెండితీగ పనికి తెలుగునాట తలమానికం కరీంనగర్. మెత్తటి వెండిని కమ్మచ్చు చిల్లులగుండా వెంట్రుక సన్నం దాకా లాగి, రెండు తీగలు పేనివేసి, చదునుచేసి, ఆకుల్లా తీగల్లా వంచి చట్రంలో కూర్చి, టంకపు పొడి చల్లి ఒక్క మంటతో అతుకుతారు. అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్లేలు, నగలు చేసే ఈ కళకు భౌగోళిక గుర్తింపు ఉంది. తీగల మధ్య ఖాళీలే ఆ పనికి అందం. ఆ ఖాళీల్లో గాజు నింపితే ఏమవుతుందన్న ప్రశ్న ప్రపంచంలో చాలా చోట్ల చాలామంది వేసుకున్నారు. ఆ ప్రశ్నకు జవాబే మీనా పని.

రెండూ దగ్గరైన చోట్లు

రంగు గాజు పొడిని వెండి లేదా బంగారం మీద పరచి కాలిస్తే, అది లోహానికి అంటుకుని నిలిచిపోతుంది. అదే మీనా. రాజస్థాన్‌లోని ప్రతాప్‌గఢ్ పనివారు తేవా అనే పనిలో ఇంకో దారి పట్టారు. చెక్కడపు పని చేసిన పలుచటి బంగారు రేకును రంగు గాజు మీద వేడితో కలిపేస్తారు. కరుగు గాజు నగలకు మన దేశంలో ఇంతకన్నా దగ్గరి చుట్టం లేదు. హైదరాబాదు లాడ్‌బజారు లక్క గాజుల్లో వేడి లక్కలో అద్దపు ముక్కలు, రాళ్లు అదుముతారు. వాటికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ గాజు కరగదు, లక్క మాత్రమే మెత్తబడుతుంది.

నాట్యానికి వేసుకునే కెంపుల నగల విషయం వేరు. నాగర్‌కోయిల్ వడసేరి పనివారు వెండి దిమ్మెమీద ఎర్రరాళ్లు పొదిగి బంగారు రేకు ఎక్కిస్తారు. ఇప్పటి చవక రకాల్లో చాలా రాళ్లు గాజే. కూచిపూడి నర్తకి తలమీద సూర్యుడు, చంద్రవంక, వెనక రాకొడి పెట్టుకుని రంగస్థలం ఎక్కినప్పుడు దీపాల వెలుగును తిప్పి పంపేది ఆ గాజూ, దాని వెనకనున్న మెరుపు రేకూనూ. మచిలీపట్నం చిలకలపూడి గిల్టు నగల పనివారికి కూడా ఈ విద్య తెలుసు. లంబాడీ స్త్రీల వేషంలో గాజు, వెండి ఒకే ఒంటిమీద కలుస్తాయి. జుట్టుకు వేలాడే వెండి ఘుగ్రీలు, రవికె నిండా కుట్టిన అద్దాలు, మెడలో పూసల పేటలు. తండాలకు దగ్గరగా పెరిగిన మెట్ట ప్రాంతపు కళ్లకు ఈ కలయిక కొత్తది కాదు.

ఆధునిక రూపం

గాజు ముక్కలను కొలిమిలో కలిపి కరిగించడం ఈజిప్టు, రోము కాలాల్లోనే ఉంది. ఊదుడు గొట్టం వచ్చాక అది వెనకబడింది. అమెరికాలో 1940ల చివర మైకేల్, ఫ్రాన్సెస్ హిగ్గిన్స్ దంపతులు షికాగోలో దీన్ని మళ్లీ చేపట్టారు. 1974లో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో మొదలైన బుల్స్‌ఐ కంపెనీ, ఒకదానితో ఒకటి కలిసినా పగలని రంగు గాజు పలకలను అమ్మకానికి తేవడంతో ఇంటి కార్ఖానాలు సాధ్యమయ్యాయి. లోహపు ఆక్సైడ్ల పలుచటి పొరలను శూన్యంలో ఎక్కించిన డైక్రోయిక్ గాజు ఆ తర్వాత నగల పనివారికి దొరికింది. అది ఒక కోణంలో నీలంగా, మరో కోణంలో బంగారు రంగులో కనిపిస్తుంది. 1990లలో జపాన్‌కు చెందిన మిత్సుబిషి మెటీరియల్స్ వెండి పొడిని బంకతో కలిపి మట్టిలా మలచగల ముద్దను తెచ్చింది. కాల్చితే బంక మండిపోయి శుద్ధమైన వెండి మిగులుతుంది.

పని తీరు

గాజు పలకను మొన కట్టర్‌తో గీసి, గీత వెంట విరుస్తారు. అంచులను తడిసానమీద రాస్తారు. ముక్కలను మచ్చలేకుండా కడిగి ఆరబెట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని, వేలిముద్ర ఒక్కటి మిగిలినా కొలిమిలోంచి వచ్చాక పాలపొరలాంటి మరక అక్కడే ఉంటుంది. అల్యూమినా, కెయొలిన్ మట్టి కలిపిన పూత వేసిన పలకమీద, లేదా పింగాణీ పీచు కాగితం మీద ముక్కలు పేరుస్తారు. మూడు మిల్లీమీటర్ల పలకలు రెండు పేర్చితే బిళ్ల అనుకున్న కొలతలోనే ఉంటుంది. కరిగిన గాజు తనంతట తాను సుమారు ఆరు మిల్లీమీటర్ల మందానికి సర్దుకోవాలని చూడడమే దీనికి కారణం. ఒకే పలక పెడితే అంచులు లోపలికి ముడుచుకుంటాయి, మూడు పెడితే పక్కకు పారుతుంది.

కొలిమిలో వేడి మెల్లగా పెరగాలి. సుమారు 650 నుంచి 680 డిగ్రీల మధ్య కాసేపు నిలిపితే పలకల నడుమ గాలి బయటికి వెళుతుంది. 730 నుంచి 760 మధ్య ముక్కలు ఒకదానికొకటి అంటుకుని, తమ ఆకారం నిలుపుకుంటాయి. 800 దాటాక గాజు తేనెపాకంలా సర్దుకుని, పైముఖం నున్నగా ఒకటైపోతుంది. 700 నుంచి 760 డిగ్రీల మధ్య అవసరానికి మించి నిలిపితే పైపొరలో స్ఫటికాలు పుట్టి మెరుపు పోతుంది.

కరిగించడం కన్నా కష్టమైన పని చల్లార్చడం. కంసాలి ఎర్రగా కాలిన వెండిని నీళ్లలో ముంచుతాడు, వెండి ఇంకా మెత్తబడుతుంది. గాజును అలా ముంచితే ముక్కలు. పైపొర గట్టిపడే వేళకు లోపలి గాజు ఇంకా సాగుతూ ఉంటే, రెండింటి మధ్య బిగువు లోపలే ఉండిపోతుంది. ఆ బిళ్ల ఆ రోజు పగలకపోవచ్చు. నెల తర్వాత మెడలో ఉన్నప్పుడే పగలవచ్చు. అందుకే సుమారు 480 నుంచి 520 డిగ్రీల మధ్య, గాజు రకాన్ని బట్టి, బిళ్లంతా ఒకే వేడికి వచ్చేదాకా నిలిపి, ఆపైన గంటకు కొన్ని పదుల డిగ్రీల చొప్పున దించుతారు. చిన్న నగల బిళ్లలకు కూడా రాత్రి పెట్టిన కొలిమిని మర్నాడు తెరవడమే మంచిది. తలుపు సందులోంచి చూడాలన్న ఆత్రమే ఈ పనిలో ఎక్కువ నష్టం తెచ్చేది. బయట 45 డిగ్రీల ఎండ కాచే నందిగామలోనూ గది గాలి కొలిమిలోని గాజుకు చలిగాలే.

అన్ని గాజులూ కలవవు. వేడికి సాగే లెక్క వేర్వేరుగా ఉన్న రెండు గాజులు కలిస్తే చల్లారేటప్పుడు పగుళ్లు వస్తాయి. కిటికీ గాజు ముక్క, సోడా సీసా ముక్క, కొన్న రంగు గాజు ముక్క ఒకే బిళ్లలో పెట్టకూడదు. అనుమానం ఉన్నప్పుడు రంగులేని గాజు పట్టీమీద చిన్న రంగు ముక్క కరిగించి, పాత కాలిక్యులేటర్ తెరల్లో ఉండే పోలరైజింగ్ ఫిల్ములు రెండింటి మధ్య పెట్టి వెలుగులో చూడాలి. ముక్క చుట్టూ తెల్లటి కాంతివలయం కనబడితే ఆ జత పనికిరాదు. కిటికీ గాజు తుక్కు ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి చవక ముడిసరుకు అదే. ఇప్పటి కిటికీ గాజు దాదాపు అంతా కరిగిన తగరం మీద తేలించి చేసినది, దానికి ఒకవైపు తగరపు పొర ఉంటుంది. రెండు పలకలు పేర్చేటప్పుడు ఏ ముఖం ఎటు పెట్టారో గుర్తుంచుకోవాలి.

వెండి పక్కన గాజు

వంద డిగ్రీల వేడి పెరిగితే ఒక మీటరు వెండి దాదాపు 1.9 మిల్లీమీటర్లు సాగుతుంది, గాజు 0.9 మాత్రమే. చల్లారేటప్పుడు వెండి రెట్టింపు ముడుచుకుంటుంది. కాబట్టి మందపాటి వెండి తీగను గాజు లోపల పెట్టి కాలిస్తే చుట్టూ పగులుతుంది. పలుచటి వెండి రేకు గాజుతో పాటు ఒదిగిపోతుంది, పగలదు. మిఠాయిల మీది వరఖ్ మరీ పలుచన, కొంచెం మందం రేకు కావాలి. ఆ రేకు చుట్టూ గాజు పసుపు, తేనె రంగులోకి తిరుగుతుంది. వెండి కణాలు గాజులోకి చొచ్చుకుపోవడమే దానికి కారణం. యూరపులో చర్చి కిటికీలమీద 14వ శతాబ్దం నుంచి పసుపు రంగు వేసింది ఇదే గుణంతో. చాలామంది దీన్ని లోపమనుకుంటారు. నిజానికి గాజు, వెండి కలిసి చేసే పనిలో ఇంతకన్నా అందమైన రంగు మరొకటి లేదు.

కొలిమిలోకి వెళ్లే వెండి ఏ మేలిమిదన్నది ముఖ్యమైన సంగతి. శుద్ధ వెండి 961.8 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నగలకు వాడే 925 రకంలో 7.5 శాతం రాగి ఉంటుంది. అది సుమారు 800 డిగ్రీలు దాటగానే కరగడం మొదలుపెడుతుంది. పైగా రాగి నల్లబారుతుంది. గాజు పూర్తిగా కరగడానికీ అంతే వేడి కావాలి. అందుకని గాజుతో పాటు కొలిమికెక్కే వెండి 999 రకమే అయి ఉండాలి. గూడు అడుగు రేకు, వంకీ, కొక్కెం మాత్రం 925తో చేయవచ్చు. గట్టిదనం అక్కడ అవసరం.

గూడు కట్టడం కంసాలికి అలవాటైన పని. గాజు బిళ్ల చుట్టుకొలతకు సన్నటి శుద్ధ వెండి రేకు వంచి, దాన్ని అడుగు రేకుమీద వెలిగారం, టంకంతో అతికి, కొక్కెం పెట్టి, నలుపు వదిలించి, మెరుగు పెట్టాక, చివరగా బిళ్లను దించి అంచులు లోపలికి నొక్కుతారు. గాజు కూర్చున్నాక మంట పెట్టరాదు. అతుకుల పని మొత్తం ముందే అయిపోవాలి. రాళ్లు పొదగడంలో ఆరితేరిన జగ్గయ్యపేట, నందిగామ కంసాలుల్లో ఎవరు ఈ పనికి దిగినా వారికి కొత్తగా నేర్చుకోవలసింది కొలిమి చల్లార్చే లెక్క ఒక్కటే. గాజు వైపునుంచి వచ్చేవారికి టంకం పెట్టడం నేర్చుకోవడానికి ఇంతకన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది. ఈ కారణం చేతనే కరుగు గాజు పని తెలుగునాట పాదుకోవాలంటే అది వెండి బజారు మీదుగానే రావాలి.

కార్ఖానా

నగల బిళ్లలకు సరిపోయే చిన్న కరెంటు కొలిమి ఒకటిన్నర నుంచి రెండు కిలోవాట్ల కరెంటు తీసుకుంటుంది. ఇంటి లైనుమీద నడుస్తుంది గాని వేరే తీగ వేయించుకోవాలి. చల్లార్చే దశలో కరెంటు పోయినా ఇటుకల్లోని వేడి కొంతసేపు కాపాడుతుంది. తలుపు మాత్రం తెరవకూడదు. గాజు రాసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, కాబట్టి పొడిసాన పట్టడం ఆపి ఎప్పుడూ నీళ్లతోనే రాయాలి. పీచు కాగితం దులిపేటప్పుడు, పలక పూత గీకేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు తప్పదు. కొన్ని ఎరుపు, పసుపు, నారింజ గాజుల్లో కాడ్మియం ఉంటుంది. వంటింటి గట్టు ఈ పనికి చోటు కాదు.

గుర్తింపు, అమ్మకం

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కంసాలి వృత్తి అందులో ఉంది. తొలి విడత లక్ష, రెండో విడత రెండు లక్షల రూపాయల దాకా అయిదు శాతం వడ్డీకి అప్పు, పనిముట్లకు 15 వేల రూపాయల సాయం అందుతాయి. గాజు పని ఆ 18లో లేదు. పూసలు లాగే చేయి, గాజు కరిగించే చేయి ఈ పథకపు వృత్తుల పట్టికలో చోటు దొరకక నిలబడడం న్యాయం కాదు. ఈ వృత్తిని చేర్చాలి. అందాకా వెండి పని తెలిసిన కుటుంబంలో ఒకరు గాజు నేర్చుకోవడమే తోవ.

వెండి నగలకు బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ హాల్‌మార్కు ఉంది. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికి కూడా ఒక్కో నగకు ఒక్కో గుర్తింపు సంఖ్య ఇచ్చే పద్ధతి మొదలైంది. బంగారంలాగా తప్పనిసరి కాదు, ఇష్టమున్నవారికే. గాజు ఉన్న నగకు మొత్తం బరువు తూచి వెండి ధర కట్టడం కొనేవారికి అన్యాయం. గాజు బరువు తీసేసి వెండి బరువు బిల్లులో విడిగా రాయాలి, గాజుకు పనితనపు విలువ వేరుగా కట్టాలి. నమ్మకం కుదరాలంటే ముద్రకన్నా ముందు ఈ బిల్లు మారాలి. ఆంధ్రప్రదేశ్ హస్తకళల అభివృద్ధి సంస్థ లేపాక్షి పేరుతో నడిపే దుకాణాలు, విజయవాడలో జరిగే హస్తకళల ప్రదర్శనలు ఈ సరుకుకు తగిన చోట్లు. రహదారి పక్కనే ఉండడం జగ్గయ్యపేటకు కలిసొచ్చే విషయం.

వాడకం

కరిగి కలిసిన గాజు చెమటకు, సబ్బుకు చెడదు. వెండి మాత్రం గాలిలోని గంధకానికి నల్లబడుతుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. కుంకుడు రసంతో కడగవచ్చు, చింతపండు గుజ్జుతో కూడా తోమవచ్చు గాని గూడు సందుల్లో పులుపు మిగలకుండా వెంటనే కడగాలి. వేడినీళ్లలోంచి తీసి చన్నీళ్లలో ముంచడం గాజుకు ప్రమాదం. ఉంగరం కన్నా లాకెట్టు, లాకెట్టు కన్నా కమ్మ ఎక్కువకాలం నిలుస్తాయి, దెబ్బలు తగిలే అవకాశం ఆ వరుసలో తగ్గుతుంది కాబట్టి. గూడు వదులైతే కంసాలి దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు లోపలున్నది గాజని ముందే చెప్పాలి. మంట పెట్టే ముందు అతడు బిళ్లను బయటికి తీస్తాడు.